గుప్తదానమా? గుప్తబేరమా?

దానము చేసినవాడు దానిని చాటుకొనరాదని మన పెద్దలు చెప్పిరి. ఇచ్చినవాడు మరువవలయును, పుచ్చుకొన్నవాడు మరువరాదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి అంగడివీధిలో చెప్పుకొన్నవానిని లోకము దాతగా గౌరవింపదు. ఇందువలననే గుప్తదానము దానములలో ఉత్తమమను భావము మన మనస్సులలో నాటుకొనియున్నది.

అయితే ఆ పెద్దలే మరియొక ఆచారమును గూడ ఏర్పరచిరి. పెండ్లిపందిటిలో చదివింపులు జరుగును. ఫలానా గ్రామ వాస్తవ్యులు ఫలానావారు నూటపదార్లు చదివించిరని పదిమందికి వినబడునట్లు ఒకరు పలుకుదురు. మరియొకరు పుస్తకములో వ్రాసికొందురు. ఇచట రహస్యము లేదు సరిగదా, రహస్యముగా నిచ్చిన యెడల అది చదివింపే కాదు. గుప్తదానమును మెచ్చుకొన్న పెద్దలు దీనినేల బహిరంగము చేసిరి? ఆలోచించినచో కారణము స్పష్టము. చదివింపు తిరిగి యీయవలసిన సొమ్ము. నేడు పుచ్చుకొన్నవారు రేపు వారి యింట శుభకార్యము జరిగినపుడు ఆ పుస్తకము తెరచి చూచుకొని తిరిగి చదివింతురు. అది దానము కాదు, బాకీ. బాకీకి సాక్షులుండవలయును.

ఈ రెండు ఆచారములనుండి ఒక్క సూత్రము తేలుచున్నది. తిరిగి కోరని దానిని దాచవచ్చును. తిరిగి రావలసిన దానిని దాచరాదు. రాజకీయ పక్షములకు ధనవంతులును, కంపెనీలును ఇచ్చు విరాళము ఈ రెండింటిలో దేనిక్రిందికి వచ్చును? మన ప్రజాస్వామ్యపు ఆరోగ్యము ఈ ప్రశ్నకు మనము చెప్పుకొను సమాధానముపై ఆధారపడియున్నదని నా నమ్మకము.

మొదట ఒక మాట న్యాయముగా ఒప్పుకొనవలయును. పక్షములకు ధనము కావలయును. కార్యాలయము, కార్యకర్తల ప్రయాణములు, కరపత్రములు, సభలు, ఇవి ధనము లేక జరుగునవి కావు. రాజకీయములకు డబ్బెందుకని ప్రశ్నించుట బడికి సుద్దముక్క యెందుకని ప్రశ్నించుటవంటిది. 2022లో ఎన్నికల సంఘము సూచింపగా నిర్ణయించిన పరిమితి ప్రకారము పెద్ద రాష్ట్రములలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలవరకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలవరకు వ్యయము చేయవచ్చును. ఇది అభ్యర్థికి మాత్రమే. పక్షము చేయు వ్యయమునకు పరిమితి లేదు. 1974లో సుప్రీంకోర్టు, అభ్యర్థి విజయమునకై పక్షము చేసిన వ్యయమును గూడ అభ్యర్థి లెక్కలోనే కలుపవలయునని తీర్పు చెప్పెను. తీర్పు వెలువడిన కొలది కాలములోనే చట్టమును సవరించి ఆ తలుపును మూసిరి. ఇంటి ముందు తలుపునకు గడియపెట్టి పెరటి తలుపు బార్లా తెరచినట్లయినది. కాబట్టి ధనము అవసరమా అనునది ప్రశ్న కాదు. ఎవరి ధనము, ఏ ధర్మముతో, ఎవరి యెరుకలో అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన దేశములో ఒకనాడు మంచి సమాధానము దొరకినది. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. తిలక్ స్వరాజ్యనిధికి ఒక కోటి రూపాయలు, కాంగ్రెసునకు ఒక కోటి సభ్యులు, దేశములో ఇరువది లక్షల రాట్నములు అని అచట తీర్మానించిరి. ఆ సంవత్సరము జూన్ 30 నాటికి కోటి రూపాయల నిధి సమకూడెను. పెద్ద వర్తకులు వేలును లక్షలును ఇచ్చిరి, స్త్రీలు ఒంటిమీది నగలు తీసి యిచ్చిరి, పేదలు అణాలిచ్చిరి. ఇందు గమనింపదగినది నిధి పరిమాణము కాదు. ధనమును సభ్యత్వమును ఒక్క తీర్మానములోనే జోడించుట గమనింపదగినది. డబ్బిచ్చువాడును పక్షమునకు యజమానియు ఒక్కడే కావలయునన్న ఆలోచన అందులో కలదు.

గాంధీజీకి ఈ విషయమున ముందే స్థిరమైన అభిప్రాయమున్నది. 1894లో దక్షిణాఫ్రికాలో నేటాల్ ఇండియన్ కాంగ్రెసును స్థాపించిన నాటి అనుభవమును తన ఆత్మకథలో వ్రాయుచు ఆయన రెండు సంగతులు చెప్పెను. లెక్కలు సరిగా లేనిచోట సత్యమును నిష్కళంకముగా నిలుపుట అసాధ్యమనునది మొదటిది. ప్రజాసంస్థ శాశ్వతనిధిపై బ్రదుకరాదు, ఏటేట ప్రజలిచ్చు చందాపైననే బ్రదుకవలయును అనునది రెండవది. చందా ఆగినచో సంస్థ ప్రజల మన్నన పోగొట్టుకొన్నదని అర్థము. ప్రజలను అడుగవలసిన అవసరము తీరిన సంస్థ ప్రజలమాట వినవలసిన అవసరము గూడ తీరినట్లు భావించును. నూరేండ్లు దాటినను ఈ మాట పాతపడలేదు.

స్వాతంత్ర్యానంతరము ధనము వచ్చు మార్గము మారినది. 1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ, రాజకీయ పక్షములకు విరాళములిచ్చుటకు వీలుగా తన నిబంధనలను మార్చుకొన గోరి బొంబాయి హైకోర్టుకు వెళ్ళెను. చట్టములో అడ్డులేనందున న్యాయస్థానము అనుమతించెను. అనుమతించుచునే ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా, ఇది ప్రజాస్వామ్యమునే ముంచివేయగల అపాయమని హెచ్చరించెను. 1960లో పార్లమెంటు ఈ విరాళములకు మొదటిసారి పరిమితి పెట్టెను. 1969లో కంపెనీ విరాళములను పూర్తిగా నిషేధించిరి.

నిషేధముతో సమస్య తీరెనా? తీరలేదు. ఎన్నికల వ్యయము తగ్గలేదు. దానికి ప్రత్యామ్నాయముగా ప్రజలనుండి చందాలు వసూలు చేయు శ్రమను పక్షములు చేపట్టలేదు. చెక్కురూపమున రావలసిన సొమ్ము సంచులలో రాసాగెను. లైసెన్సులు, పర్మిట్లు ప్రభుత్వము చేతిలోనున్న రోజులవి. దొంగలెక్కల ధనమునకు రాజకీయమే ఆశ్రయమైనది. 1985లో నిషేధమును తొలగించి, మూడేండ్ల సగటు లాభములో నూటికి 5 వంతులవరకు ఇచ్చుటకు కంపెనీలను అనుమతించిరి. 2013 కంపెనీల చట్టము దానిని నూటికి 7.5 వంతులు చేసెను. ఏ పక్షమునకెంత యిచ్చినది కంపెనీ తన లెక్కలలో చూపవలయునను నియమము మాత్రము నిలిచియుండెను. ఆ ఒక్క నియమము పెండ్లిపందిటిలోని పుస్తకమువంటిది.

2017లో ఆ పుస్తకమును మూసివేసిరి. ఆ సంవత్సరపు ఆర్థిక చట్టము ద్వారా కంపెనీ విరాళముపైనున్న పరిమితిని తొలగించిరి. పక్షము పేరు చూపవలసిన విధిని తీసివేసిరి. 2018 జనవరి 2న ఎన్నికల బాండ్ల పథకమును ప్రకటించిరి. దాని తీరు సులభమే. దాత భారతీయ స్టేట్ బ్యాంకులో వేయి రూపాయలు మొదలు కోటి రూపాయలవరకు గల బాండును కొనును. దానిమీద పేరుండదు. దానిని తనకు నచ్చిన పక్షమునకిచ్చును. పక్షము 15 దినములలో దానిని తన ఖాతాలో జమ చేసికొనును. ఇచ్చినదెవరో పక్షము ప్రజలకు చెప్పనక్కరలేదు. ఎవరికిచ్చినది కంపెనీ తన వాటాదారులకు సైతము చెప్పనక్కరలేదు. రిజర్వు బ్యాంకు ముందే అభ్యంతరము తెలిపెను. ఎన్నికల సంఘము 2017లోనే ఇది వెనుకడుగని కేంద్రమునకు వ్రాసెను. అయినను పథకము సాగెను.

పథకమును సమర్థించినవారి వాదమును త్రోసిపుచ్చక వినవలయును. వారు చెప్పినది రెండు మాటలు. సంచులలోని సొమ్ముకన్న బ్యాంకుద్వారా వచ్చు సొమ్ము మేలు. ఇది నిజమే. రెండవది, ఒక పక్షమునకు విరాళమిచ్చిన వ్యాపారిపై మరియొక పక్షము అధికారములోనికి వచ్చినపుడు కక్ష తీర్చుకొనును గనుక దాత పేరు దాచవలయును. ఇందులోను నిజమున్నది, మన దేశములో కక్ష సాధింపులు కల్పితములు కావు.

అయితే దాత పేరు ఎవరినుండి దాచబడినది? ఉపాధ్యాయులందరెరిగిన దృష్టాంతమొకటి చెప్పెదను. పబ్లిక్ పరీక్షలలో సమాధాన పత్రము దిద్దువానికి విద్యార్థి పేరు తెలియనీయరు; పత్రముపై సంకేత సంఖ్య మాత్రమే యుండును. మార్కులు వేయువానికి తెలిసినచో పక్షపాతము పుట్టునని ఆ జాగ్రత్త. ఫలితము మాత్రము అందరికిని తెలియును. అనగా నిర్ణయించువానికి రహస్యము, లోకమునకు బహిరంగము. ఎన్నికల బాండ్లలో జరిగినది దీనికి తలక్రిందులు. బాండును తీసికొనివెళ్ళి పక్షము చేతిలో పెట్టువాడు తన పేరు చెప్పుకొనకుండ ఊరకుండునా? కాంట్రాక్టులను, అనుమతులను నిర్ణయించు అధికారము గలవారికి దాత తెలియును. ఓటు వేయు ప్రజలకు మాత్రము తెలియదు. బాండ్లమ్మిన బ్యాంకు ప్రభుత్వరంగములోనిదే గనుక, ప్రతిపక్షమునకు విరాళమిచ్చినవానికి ఆ రహస్యము రక్షణ ఇచ్చునన్న నమ్మకమును లేదు. కక్షకు భయపడువానిని ఇది కాపాడలేదు. కానుకకు ప్రతిఫలము కోరువానిని కాపాడినది.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ పథకము రాజ్యాంగవిరుద్ధమని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఓటరునకు సమాచారము తెలిసికొను హక్కు కలదు. రాజ్యాంగములోని 19వ అధికరణము ప్రసాదించిన వాక్స్వాతంత్ర్యములో అది అంతర్భాగము. ఎవరు ఏ పక్షమును పోషించుచున్నారో తెలియక వేసిన ఓటు కండ్లకు గంతలు కట్టుకొని వేసిన ఓటే అని ఆ తీర్పు సారాంశము. కంపెనీ విరాళములకు పరిమితి తొలగించుట గూడ చెల్లదని ధర్మాసనము తేల్చెను. వివరములు సిద్ధపరచుటకు జూన్ 30 వరకు గడువు కావలయునని బ్యాంకు కోరగా మార్చి 11న న్యాయస్థానము నిరాకరించెను. మరునాడే బ్యాంకు వివరములిచ్చెను. నాలుగు నెలలు కావలయునన్న పని ఒక్క దినములో ముగిసెను!

పుస్తకము తెరచుకొన్న పిదప తెలిసిన లెక్కలివి. 2018 మార్చి నుండి 2024 జనవరి వరకు ముప్పది విడతలలో సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడుపోయినవి. 2019 ఏప్రిల్ 12 తరువాతి కాలమునకు ప్రకటించిన వివరముల ప్రకారము భారతీయ జనతా పక్షమునకు సుమారు 6,060 కోట్లు, తృణమూల్ కాంగ్రెసునకు 1,609 కోట్లు, కాంగ్రెసునకు 1,421 కోట్లు ముట్టినవి. మన తెలుగు రాష్ట్రములు వెనుకబడలేదు. భారత రాష్ట్ర సమితికి సుమారు 1,214 కోట్లు, వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 337 కోట్లు, తెలుగుదేశమునకు 219 కోట్లు వచ్చినవి. కొన్నవారిలో ప్రథమస్థానము లాటరీ వ్యాపారము చేయు ఫ్యూచర్ గేమింగ్ సంస్థది, 1,368 కోట్లు. ద్వితీయస్థానము హైదరాబాదు కేంద్రముగా ప్రభుత్వపు భారీ నిర్మాణములు చేపట్టు మేఘా ఇంజనీరింగ్ సంస్థది, 966 కోట్లు.

ఇచట మనము తొందరపడరాదు. విరాళమిచ్చుట నేరము కాదు. చట్టము నాడు అనుమతించిన మార్గముననే వారిచ్చిరి. ఇచ్చిన సంస్థలన్నియు ప్రతిఫలము పొందినవనుట నిరూపితము కాని మాట. ప్రత్యేక దర్యాప్తు జరిపింపవలయునన్న ప్రార్థనను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చి, అనుమానమున్నవారికి సాధారణ చట్టమార్గములు తెరచియే యున్నవని చెప్పెను. అయినను రహస్యముచేత జరిగిన ఒక అన్యాయము దర్యాప్తుతో నిమిత్తము లేకయే కనబడుచున్నది. ఏ ఆశయు లేక యిచ్చినవాడొకడుండిన యెడల వాడు తన నిర్దోషిత్వమునెట్లు చూపగలడు? నాడే బహిరంగముగా నిచ్చియున్నచో కాంట్రాక్టు వచ్చిన తేదీని, విరాళమిచ్చిన తేదీని ఎవరైనను పోల్చి చూచి ఊరకుండెడివారు. చీకటిలో ఇచ్చినందున మంచివానిమీదను చెడ్డవానిమీదను ఒకే మసి పడినది. చీకటి దొంగను దాచుటయే కాదు, దొరను గూడ దొంగనుగా చూపును.

మరి కంపెనీ ఇచ్చునది ఎవరి సొమ్ము? వ్యక్తి తన సంపాదన నుండి ఇచ్చినచో అది వానిది. కంపెనీ ధనము వేలకొలది వాటాదారులది. వారిలో అన్ని పక్షములవారును ఉందురు. వారికి చెప్పకయే పాలకవర్గము ఒక పక్షమునకు కోట్లు ధారపోయుట అత్త సొమ్ము అల్లుడు దానము చేయుటయే. లాభమునే జీవితాశయముగా గల సంస్థ ఫలాపేక్ష లేక కోట్లిచ్చుచున్నదని నమ్ముటకు మనము మరీ అమాయకులమై యుండవలయును. అందువలన కంపెనీ విరాళము చదివింపుల కోవలోనిదే గాని గుప్తదానము కోవలోనిది కాదు. దానిని గట్టిగా చదువవలయును, పుస్తకములో వ్రాయవలయును.

ఒక్క పక్షమును నిందించి మనము చేతులు దులుపుకొనుట ధర్మము కాదు. సభలలో ఒకరినొకరు తిట్టుకొను పక్షములు తమ లెక్కల మాట వచ్చునప్పటికి ఏకకంఠమగుట ఈ దేశము చూచినది. 2013లో కేంద్ర సమాచార సంఘము ఆరు జాతీయ పక్షములు సమాచార హక్కు చట్టము పరిధిలోనికి వచ్చునని నిర్ణయించెను. ఒక్క పక్షమైనను ఆ నిర్ణయమును అమలుపరచలేదు. 2014లో ఢిల్లీ హైకోర్టు, కాంగ్రెసును భారతీయ జనతా పక్షమును రెండును విదేశీ విరాళముల చట్టమును ఉల్లంఘించినవని తీర్పు చెప్పెను. 2018లో ఆ చట్టమునే 1976 నుండి వర్తించునట్లు వెనుకటి తేదీతో సవరించిరి. విద్యార్థి తప్పిన పిదప ప్రశ్నపత్రమును మార్చి ఉత్తీర్ణుని చేయుట మనమెచటను వినియుండలేదు. బాండ్లను తీసికొనమని ప్రకటించి, వానిపై న్యాయస్థానమునకు వెళ్ళిన మార్క్సిస్టు కమ్యూనిస్టు పక్షమువంటి మినహాయింపులు లేకపోలేదు. అవి మినహాయింపులు మాత్రమే.

బాండ్లు పోయినవి గనుక బాధ తీరినదనుకొనరాదు. ఇరువది వేల రూపాయలకు మించని విరాళమిచ్చినవారి పేర్లు ఎన్నికల సంఘమునకు తెలుపనక్కరలేదను నియమమున్నది. నిజమైన చిన్న దాతకు ఇది న్యాయమే. కాని పెద్ద మొత్తమును చిన్న ముక్కలుగా కోసి చూపుటకును ఇది దారియే. 2013లో మొదలైన ఎలక్టోరల్ ట్రస్టుల పద్ధతియు సాగుచున్నది. పలు కంపెనీల సొమ్ము ఒక ట్రస్టులో కలిసి పక్షములకు చేరునపుడు ఏ కంపెనీ సొమ్ము ఏ పక్షమునకు పోయినదో పాలలో కలిసిన నీళ్ళవలె తెలియరాక పోవచ్చును.

ఎన్నికల వ్యయమును ప్రభుత్వమే భరింపవలయునని కొందరందురు. 1998లో ఇంద్రజిత్ గుప్తా సంఘము దీనిని విచారించి, గుర్తింపుగల పక్షములకు ప్రభుత్వము కొంత సహాయమును నగదుగా కాక వస్తురూపమున చేయవచ్చునని సూచించెను. దానితో మాత్రమే సరిపోదు. ప్రభుత్వము ఊరక పోషించు పక్షమునకు ప్రజలను అడుగవలసిన పని యుండదు. గాంధీజీ భయపడిన శాశ్వతనిధి దోషమే అది. ఈ చిక్కునకు జర్మనీవారు ఒక ఉపాయము కనుగొనిరి. అచట ప్రభుత్వము పక్షములకు సహాయము చేయును గాని, ఆ పక్షము తానై సంపాదించుకొన్న ఆదాయమును మించి ఈయదు. సామాన్య వ్యక్తి ఇచ్చిన విరాళములో ఒక్కొక్క యూరోకు ప్రభుత్వము 0.45 యూరో కలుపును. అదియు ఏడాదికి మనిషి ఒక్కింటికి 3,300 యూరోల వరకే. పదిమంది దగ్గరకు వెళ్ళి చిన్న చందాలడిగిన పక్షమునకే లాభము కలుగు ఏర్పాటిది. మనదేశమునకు దీనిని యథాతథముగా దింపుకొనలేకపోవచ్చును. అందలి నీతిని మాత్రము గ్రహింపవచ్చును: ప్రభుత్వపు రూపాయి ప్రజల రూపాయి వెంట నడువవలయును గాని ముందు నడువరాదు.

ఇక మన వంతు మిగిలినది. పక్షములు కోటీశ్వరులకు దాసోహమన్నవని అరుగులమీద గూర్చుండి నిట్టూర్చు మనలో, తాను మెచ్చిన పక్షమునకు ఏడాదికి నూరు రూపాయలు చందా కట్టి రసీదు పుచ్చుకొన్నవారెందరు? సంవత్సరమునకొకసారి ఆ పక్షము లెక్కలు చూపుమని అడిగినవారెందరు? గ్రామదేవత జాతరకు చందా ఇచ్చినచో రచ్చబండవద్ద పైసాపైసాకు లెక్క అడుగుదుము. అడుగు హక్కు ఇచ్చినందువలననే వచ్చినది. పక్షమునకు మనమేమియు ఈయము. పైగా ఎన్నికలనాటి రాత్రి అది పంచు నోటు పుచ్చుకొందుము. ఆ నోటు ఎచటనుండి వచ్చినది? విరాళమిచ్చినవాడు పెట్టుబడి పెట్టెను, పక్షము పంచెను, మనము అందుకొంటిమి. వాడు పెట్టిన పెట్టుబడి రోడ్డులో, వంతెనలో, బడి గోడలో, ఆసుపత్రి మందులో తిరిగి రాబట్టుకొనబడును. మన చేతికి వచ్చిన నోటు మన సంచిలోనుండి తీసినదే. గుప్తబేరములో చివరి గొలుసుకడియము మన చేతిలో నున్నపుడు మొదటి కడియమును పట్టుకొన్నవానిని మాత్రమే దూషించుట సగము న్యాయము.

నోటు పుచ్చుకొన్న పేదవానిని నేను ధనవంతునితో సమానముగా నిందింపను. ఆకలి ధర్మశాస్త్రము చదువదు. అయితే చదువుకొని, కడుపునిండి, లోకమును విమర్శింపగల మనవంటివారికి ఆ మినహాయింపు లేదు. మనము చేయవలసినవి పెద్ద కార్యములు కావు. పక్షమునకు చందా ఈయవలయును, పేరు చెప్పి ఈయవలయును, రసీదు అడుగవలయును, లెక్క అడుగవలయును, పంచిన సొమ్మును నిరాకరింపవలయును. చట్టము పెద్ద విరాళములన్నింటిని, అవి చేరిన కొలది దినములలోనే ప్రజలయెదుట పెట్టునట్లు కోరవలయును.

గుప్తదానము మహత్తరమైనదే. దానిని ఆకలిగొన్నవానికి, చదువులేని బిడ్డకు, వైద్యము లేని రోగికి ఈయుదము. అచట మన పేరు ఎవరికిని తెలియనక్కరలేదు. అధికారమునకిచ్చు సొమ్ము అట్టిది కాదు. అధికారము తిరిగి యీయగలదు గనుక దానికిచ్చినది ప్రతి యొక్కటియు బాకీయే. ఆ బాకీని తుదకు తీర్చవలసినది ప్రజలు. తీర్చవలసినవానికి తెలియకుండ వ్రాసికొన్న పత్రమును మన పల్లెలలో పత్రమనరు, మోసమందురు.